నున్నటి గీత

"ఇంకోసారి పిలిచి చూడు," అంది డోన్యా హెర్మీలా.

"ఇప్పుడేగా పిలిచాను అత్తమ్మా. కనుమ దగ్గరికి చేరాక వాళ్ళే పిలుస్తామన్నారు."

"పిలిస్తే నోరేం అరిగిపోదు."

నేలిదా రేడియో మీట నొక్కింది. గరగరమన్న చప్పుడు తప్ప మనిషి గొంతు వినిపించలేదు. ఆ చప్పుడికి పొయ్యి కింద మేస్తున్న, కుందేలు పిల్లల్లాంటి గినీ పందులు బెదిరి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ మూలకు చేరాయి.

మేడ మీద గదిలో ఆ ఇద్దరి సంచులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఫియొరెలా, మారిసెల్. త్రుహీయోలో ఒకే ఆసుపత్రిలో నర్సులు, కొండలెక్కడానికి వచ్చి ఈ ఇంట్లో అద్దెకు దిగారు. విల్కా కనుమ దాటి, చుట్టూ తిరిగి సాయంత్రం సూప్ వేళకల్లా వచ్చేస్తామని నిన్న పొద్దున్నే నవ్వుకుంటూ వెళ్ళారు. సూప్ చల్లారింది, మళ్ళీ కాగింది, మళ్ళీ చల్లారింది. వాళ్ళు రాలేదు. వానలు పడే నెల కాకపోయినా నిన్న మధ్యాహ్నం నుంచి కొండ మీద ఒకటే వాన. తెల్లవారుతూనే రక్షణ దళం వాళ్ళు తాళ్ళు భుజాన వేసుకుని పైకి వెళ్ళారు.

"నేను చెబుతూనే ఉన్నాను," అంది హెర్మీలా, బంగాళాదుంప తొక్క తీస్తూ. పొద్దుటినుంచి ఆ మాట ఎన్నోసారో ఆమెకే తెలియదు. "మనిషిని వెంట తీసుకెళ్ళండి, కంచరగాడిదని తీసుకెళ్ళండి అని మొత్తుకున్నాను. మహాతల్లి, నువ్వేమన్నావు? ఫోనుంటే చాలు, దారి అదే చెబుతుందన్నావు. ఏదీ, చెప్పమను ఇప్పుడు."

"వాళ్ళు అడిగారు, నేను చెప్పాను. మెడపట్టి పంపలేదుగా."

"మొగుడు గైడు. మామగారు గాడిదలు తోలతారు. ఆ ఇంటి కోడలేమో వచ్చినవాళ్ళకి మనుషులక్కర్లేదని చెబుతుంది. ఇలాంటి చోద్యం ఎక్కడన్నా ఉందా?"

ఈ దెప్పు కొత్తది కాదు. చాకిన్యాన్ పుట్టిన రోజునే అదీ పుట్టింది. చాకిన్యాన్ అంటే వాళ్ళ తాతల భాషలో కాలిబాట. కొండలెక్కేవాళ్ళ కోసం నేలిదా ఈ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని, పక్కన ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళు తుడుచుకుంటూ కట్టిన యాప్ అది. ఎండలో కళ్ళు చిట్లించుకోకుండా కనబడాలని నల్లటి తెర మీద పసుపు గీత పెట్టింది. తొడుగులు వేసుకున్న వేళ్ళకు కూడా అందాలని బొత్తాలు రొట్టె ముక్కలంత చేసింది. సిగ్నల్ లేనిచోట కూడా పనిచేయాలని, ఊళ్ళో ఉండగానే దారంతా ఫోనులోకి దించుకునే ఏర్పాటు చేసింది. తెరవగానే మొట్టమొదట కనబడే మాట కూడా ఆమె రాసిందే. 'మా కాళ్ళు తొక్కని దారి ఇందులో లేదు.'

ఆ కాళ్ళు ఆమె మొగుడు రోములోవి. ఫోను జేబులో వేసుకుని అతను నడిచొచ్చిన దారే యాప్‌లో గీతవుతుంది.

ఆ రోములో ఇప్పుడు పెరటి గుమ్మంలో కూర్చుని పొద్దుటినుంచి ఒకే బూటుకు నూనె పట్టిస్తున్నాడు. ఊళ్ళో కాలూ చెయ్యీ ఆడే ప్రతి గైడూ దళంతో వెళ్ళాడు. ఈయన వెళ్ళలేదు.

"నువ్వెందుకు ఉండిపోయావు?" అని నేలిదా అడిగింది.

"ఇంటి దగ్గర ఒకరుండాలిగా."

"నేనున్నాగా ఇంటి దగ్గర."

"నీకు కొండ సంగతి తెలీదు. రేడియోలో ఏదన్నా అడిగితే ఏం చెబుతావు?"

"వాడికి ఒంట్లో బాగాలేదు," అని హెర్మీలా అందుకుంది. "మొహం చూస్తే తెలియట్లా? పెళ్ళానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

నేలిదా అతని మొహం చూసింది. జబ్బు మొహంలా లేదు, తేలు కుట్టిన దొంగ మొహంలా ఉంది. కానీ ఆ మాట ఆమె మనసులోకి పూర్తిగా రాకముందే తలుపు తోసుకుని డాన్ ఎవరిస్టో వచ్చాడు. అరెకిపా నుంచి కూతురితో వచ్చి నాలుగు రోజులుగా మేడ మీద దిగిన మనిషి. వేడినీళ్ళ ఫ్లాస్కు చేతిలో ఉంది.

"ఏమైనా తెలిసిందా సెన్యోరా?"

"ఇంకా లేదండీ."

"పాపం పిల్లలు. నిన్నటి నుంచీ మా మికేలాకి అన్నం సయించట్లేదు." ఆయన ఫ్లాస్కు అందించి, కాస్త మొహమాటపడి, "వాన తెరిపిస్తే మేం యానాకోచా చెరువు దాకా వెళ్ళొద్దామనుకుంటున్నాం. దారి నిన్ననే ఫోనులోకి దించుకున్నాం. అది కష్టం లేదుగా?" అన్నాడు.

"చిన్నపిల్లలు కూడా వెళ్ళొస్తారు," అంది హెర్మీలా నీళ్ళు వంపుతూ.

ఆయన అటు వెళ్ళాడో లేదో రేడియో పలికింది. దళం పెద్ద దమాసో గొంతు, గాలికి ముక్కలు ముక్కలుగా.

"హెర్మీలమ్మా, వినపడుతోందా? కనుమ దాకా వచ్చేశాం. ఒక్క అడుగుజాడ లేదు. మంచులో లేదు, బురదలో లేదు. ఆ పిల్లలు ఈ దారిన రానేలేదు. రోములో ఉన్నాడా అక్కడ?"

రోములో బూటు పక్కన పెట్టి, గుమ్మం పట్టుకుని లేచి వచ్చాడు. "చెప్పన్నా."

"మీ ఫోనులో ఉన్న దారి ఇదేగా? వేరే ఏదన్నా ఉందా?"

"లేదు. అదే దారి."

ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు వచ్చింది. అంత తొందరగా రోములో ఏనాడూ దేనికీ జవాబు చెప్పిన మనిషి కాదు. పెళ్ళికి ఒప్పుకోవడానికే పండగ నుంచి పండగ దాకా ఆలోచించాడు.

"సరే. అయితే కనుమ దాటి అటువైపు దిగి చూస్తాం. దిగితే రేడియో అందదు. మళ్ళీ సాయంత్రమే."

"కాసేపు అక్కడే ఉండన్నా," అని నేలిదా రేడియో లాక్కుంది. ఎందుకు అలా అందో ఆమెకే తెలియదు. "ఒక్క అరగంట. నేను చూసి చెబుతాను."

"ఏం చూస్తావమ్మాయ్?"

"ఏదో ఒకటి చూస్తాను. దిగకండి."

ఆమె బల్ల మీద తొక్కలు పక్కకు తోసి కంప్యూటర్ తెరిచింది. ఆ పిల్లలు రాకపోయేసరికి విల్కా దారిని నిన్న సాయంత్రమే యాప్ నుంచి తీసేసింది. తీసి ఏం లాభం? ముందే దించుకున్నవాళ్ళ ఫోనులో పాత గీత అలాగే ఉంటుంది. కొండ మీద ఉన్నవాళ్ళకి ఇక్కడినుంచి ఒక్క చుక్క కూడా మార్చి పంపలేదు. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుందని గొప్పగా చెప్పుకున్న ఏర్పాటే ఇప్పుడు ఆమె చేతులు కట్టేసింది.

గీతను నున్నగా చేసే పద్ధతి కూడా ఆమె రాసిందే. ఫోను జేబులో వేసుకుని నడిచినవాడి దారి ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది. ఆగినచోట చుక్కలు గుంపుగా పడతాయి, బండల పక్కన అటూ ఇటూ ఎగిరిపడతాయి. ఆ వణుకంతా తీసేసి, వంకరలు సరిచేసి, చూడగానే నడవాలనిపించే ఒక్క పసుపు గీతగా మారుస్తుంది. అందరూ మెచ్చుకున్నది ఆ గీతనే.

ఇప్పుడు ఆ నునుపు తీసేసి, ఫోను పట్టి తెచ్చిన చుక్కలు పట్టి తెచ్చినట్టుగా తెర మీద పెట్టింది.

కొండ కింది కాపరుల గుడిసె దాటాక పచ్చిక దగ్గర చుక్కలు చుట్లు చుట్లుగా తిరిగాయి. గడ్డిలో అంతసేపు మనిషికేం పని? దారి సన్నబడిన చోట చుక్కలన్నీ లోయ వైపు అంచునే పడ్డాయి. రోములో అలా నడవడు. గోడను ఆనుకుని నడవమని కొత్తవాళ్ళకు అతను నేర్పే మొదటి పాఠమే అది. బయటి అంచున నడిచేవి వీపు మీద మూటలున్నవి. మూట గోడకు రాసుకుంటుందని అవి అలవాటుగా అంచు పట్టుకుని పోతాయి. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్న మనిషికి అది తెలియకుండా పోదు.

ఆ పైన చుక్కలు ఏట్లోకి దిగాయి. అవతలి ఒడ్డున కొంతదూరం వెళ్ళాయి. మళ్ళీ ఏట్లోకి దిగి ఇవతలికి వచ్చాయి. నునుపు చేశాక అది అందంగా ఒక వంపు తిరిగినట్టు కనబడేది. ఏటి మీద చెక్క వంతెనో, దాటడానికి బండలో ఉండే ఉంటాయనుకుంది. ఎండ కాసిన రోజుల్లో వెళ్ళొచ్చినవాళ్ళెవరో, 'బూట్లు తడిశాయి కానీ దారి బాగుంది' అని రాస్తే నవ్వు బొమ్మ పెట్టి జవాబు కూడా ఇచ్చింది.

నేలిదా తెర మీంచి చూపు తీసింది. పొయ్యి పక్కన చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని వేయించిన మొక్కజొన్నలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్న మామగారి వైపు తిరిగింది. డాన్ ఫౌస్టో తనంతట తాను మాట్లాడే మనిషి కాదు. అడిగితే మాత్రం అబద్ధం రాదు.

"మామయ్యా, విల్కా దారి కొలవడానికి రోములోతో మీరే కదా వెళ్ళారు?"

"ఆఁ, నేనే."

"దారి పొడుగునా ఫోను ఎవరి దగ్గరుంది?"

"పలోమా దగ్గర."

పలోమా మందలో ముందు నడిచే తెల్ల కంచరగాడిద. మెడలో గంట దానికే ఉంటుంది.

వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది.

"మెడ పట్టీకి కట్టమన్నాడు, కట్టాను," అన్నాడు ఫౌస్టో, వాతావరణం గురించి చెబుతున్నట్టు. "దారి దానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ముందుదాన్ని వదిలేస్తాం, అది తీసుకుపోతుంది, మిగతావి గంట వెంట పోతాయి. మేం అడ్డంగా బండలెక్కి కనుమ దగ్గర కలుసుకుంటాం. మా నాన్న హయాం నుంచీ అంతే. దారంటే గాడిదల దారేగా మరి."

"ఏటి దగ్గర?"

"రెండుసార్లు దాటుతాయి. పొట్టదాకా వస్తాయి నీళ్ళు. వాన పడితే ఇంకాస్త. వాటికేం, ఈదుకుపోతాయి."

"అప్పుడు రోములో మీతో ఉన్నాడా?"

"వాడు కింద గుడిసె దగ్గరే..."

"నోరు మూసుకుని తిను," అంది హెర్మీలా.

నేలిదా లేచింది. గుమ్మంలో బూటు ఉంది, మనిషి లేడు. పెరడు దాటి జీనులు దాచే కొట్టులోకి వెళ్ళింది. తోలు వాసన, తడి కంబళ్ళ వాసన. రోములో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడికీ పారిపోలేక అక్కడ చేరాడని తెలుస్తూనే ఉంది.

"మోకాలేనా?" అంది.

అతను తల ఊపాడు.

"తగ్గిపోయిందన్నావు."

"వాన పడితే నొప్పన్నాను."

"తగ్గిపోయిందన్నావు రోములో. మెట్లు పక్కకు తిరిగి దిగుతుంటే చూసి అడిగాను. అలవాటైపోయిందన్నావు. నమ్మాను."

"పైకి ఎక్కగలను. దిగడమే అవట్లేదు. దిగేటప్పుడు లోపల ఏదో జారిపోతుంది, కాలు నాది కాదన్నట్టు మడత పడిపోతుంది." అతను చేత్తో మోకాలు పట్టుకున్నాడు. "ఆగస్టులో గైడుల సంఘం వాళ్ళ పరీక్ష. బరువు మోసుకుని ఎక్కి దిగాలి. అందులో పోతే గైడు కార్డు పోతుంది. అప్పటికి నయమవుతుందనుకున్నాను. అమ్మ రోజూ కొవ్వు రాసి కట్టు కడుతోంది."

"అత్తమ్మకి తెలుసు. మామయ్యకి తెలుసు. పలోమాకి కూడా తెలుసు. తెలియంది నాకొక్కదానికే."

"నీకెలా చెప్పను?" అతని గొంతు మొదటిసారి పైకి లేచింది. "ఇంటికొస్తే ముందు ఫోను చేతికి తీసుకునేదానివి, తర్వాతే నా మొహం చూసేదానివి. ఇంకొక్కటి రోములో, ఈ సీజన్ లోపల ఇంకొక్క దారి. ఎన్నిసార్లన్నావు ఆ మాట? కాలు చెడిపోయిందంటే నన్నేం చేసుకుంటావు నువ్వు? నీకు కావలసింది కాళ్ళేగా."

ఆ మాట సూటిగా తగిలింది.  కొంత నిజమే అది. ఆ కొంత నిజాన్ని పట్టుకుని అతను తన అబద్ధమంతా దాని వెనక దాచుకుంటున్నాడని కూడా ఆమెకు తెలుస్తోంది. కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

"ఇందాక దమాసో అడిగితే అదే దారి అన్నావు," అంది చివరికి. "ఆ పిల్లలు రెండు రేవుల మధ్య ఉన్నారని నీకు తెలుసు. తెలిసీ దళం వాళ్ళని కనుమ అవతలికి పంపుతున్నావు."

"నాకు తెలీదు."

"రోములో."

అతను నేల చూశాడు. "అనుమానం ఉంది," అన్నాడు.

నేలిదా ఇంక అక్కడ నిలబడలేదు. వంటింట్లోకి వచ్చేసరికి రేడియో తగిలించే మేకు ఖాళీగా ఉంది. రేడియో హెర్మీలా ఒళ్ళో, ఆమె రెండు చేతుల కింద ఉంది.

"అది ఇవ్వండి అత్తమ్మా."

"ఏం చెబుతావో ముందు నాకు చెప్పు."

"ఆ పిల్లలెక్కడున్నారో చెబుతాను."

"ఎలా తెలిసిందంటారు. అప్పుడేం చెబుతావు?"

"జరిగింది చెబుతాను."

హెర్మీలా ఒంటికాలి మీద లేస్తుందనుకుంది. లేవలేదు. ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది, అదే భయం వేసింది నేలిదాకు. "లోయలో ప్రతి వంటింట్లోనూ ఈ రేడియో మోగుతోందిప్పుడు. నువ్వు ఒక్క మాటంటే మధ్యాహ్నానికి సంఘం దాకా పోతుంది. వాడి తాత గైడు. ఈ ఇల్లు ఆ కార్డు మీద నిలబడింది. కొండెక్కలేని గైడు ఇంట్లో ఎవరు దిగుతారు? వాడు ఏం చేస్తాడు ఆ తర్వాత? నీ పక్కన కూర్చుని చుక్కలు గీస్తాడా?"

"అక్కడ ఇద్దరు చచ్చిపోతారత్తమ్మా."

"చావనివ్వమన్నానా? చెప్పు. వాళ్ళెక్కడున్నారో చెప్పు. వాడి పేరు ఎందుకు? గీతలు గీసేది నువ్వేగా. గీసేటప్పుడు నీ చెయ్యి తప్పిందను. నీకు కార్డు లేదు, పోయేదేం లేదు."

రోములో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నేనే చెబుతానమ్మా," అన్నాడు. ఒక్క అడుగు ముందుకు వేశాడు. తల్లి అతని వైపు చూసింది, అంతే. రెండో అడుగు పడలేదు. ఆ ఆగిపోవడం చూశాక నేలిదాకు అతని నుంచి ఇంకేమీ రాదని తెలిసిపోయింది.

మొక్కజొన్న నమలడం కూడా ఆపేశాడు ఫౌస్టో. పొయ్యిలో కట్టె చిటపటలాడింది. బయట చూరు నుంచి నీళ్ళు పడుతున్నాయి.

అరగంట ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. రేడియో పలికింది. "ఇంక దిగుతున్నామమ్మాయ్."

హెర్మీలా చేతులు తీసింది.

"దిగొద్దు దమాసో అన్నా," అంది నేలిదా. "వెనక్కి తిరగండి. గుడిసె పైన గాడిదలు ఏరు దాటే చోటుంది చూడు, రెండు రేవులు, ఆ రెంటి మధ్య ఉన్నారు వాళ్ళు. నిన్న పొద్దున నీళ్ళు తక్కువున్నప్పుడు మొదటిది దాటి ఉంటారు. తర్వాత నీళ్ళు పెరిగి ముందుకీ పోలేక వెనక్కీ రాలేక ఆగిపోయారు."

"అది మనుషుల దారి కాదే. అక్కడికెందుకు పోయారు?"



"గీత తప్పు," అంది నేలిదా. "నేనే... సరిచేసేటప్పుడు పొరపాటు చేశాను. నా వల్లే."

 తర్వాత దమాసో గొంతు, తిట్టినట్టు కాదు, విసిగిపోయినట్టు. "కొండెక్కనిదానివి, నీకెందుకమ్మా ఈ గీతలు? సరే. ఇద్దరు కుర్రాళ్ళని అడ్డదారిన దింపుతాను."

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో నేలిదాకు గుర్తులేదు. హెర్మీలా పిలవమనకపోయినా నాలుగైదుసార్లు పిలిచింది. చివరికి ఒక కుర్రాడి గొంతు వచ్చింది, పరుగెత్తి వచ్చిన ఆయాసంతో.

"కనబడ్డారు. ఎర్ర కోటు ఊపుతోంది ఒకామె. రెండో ఆమె కూర్చునే ఉంది, లేవట్లేదు. కానీ చెయ్యి ఎత్తింది, బతికే ఉంది. ఏరు బాగా ఉంది, అటు దాటే వీల్లేదు. తాళ్ళు కట్టాలి. నీళ్ళు తగ్గే దాకా చూడాలి."

ఫౌస్టో శిలువ గుర్తు వేసుకున్నాడు. రోములో గుమ్మంలోనే కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు.

హెర్మీలా వచ్చి నేలిదా తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. ఆమె చేతులకు బంగాళాదుంప తడి, మట్టి. "నా తల్లే," అంది. "ఇంటిని నిలబెట్టావు."

ఏడేళ్ళలో ఆ పిలుపు ఇదే మొదటిసారి. ఒకప్పుడు దాని కోసం ఎంత ఎదురుచూసిందో తలుచుకుంటే నేలిదాకు నవ్వు రావాలి. రాలేదు. మెడ చుట్టూ ఏదో పట్టీ బిగించి గంట కట్టినట్టనిపించింది.

సూప్ మళ్ళీ పొయ్యి మీదకు ఎక్కింది. హెర్మీలా పుదీనా వాసన వేసే మున్యా ఆకు వేసి కషాయం కాచి, అందరికంటే ముందు కోడలికి ఇచ్చింది. బయట చూరు నీళ్ళు సన్నబడ్డాయి, ఆగిపోయాయి. పెరట్లో గోడ మీద కాస్త ఎండ పడింది.

కషాయం తాగుతూ నేలిదా తెర వైపు చూసింది. విల్కా చుక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని మూసేసి, చెయ్యి ఊరికే ఉండక ఇంకో దారి తెరిచింది. నునుపు తీసేసింది.

యానాకోచా.

చెరువు కిందున్న పచ్చిక దగ్గర చుక్కలు చుట్లు తిరిగాయి. సన్నదారిలో బయటి అంచు పట్టుకుని పోయాయి. చెరువుకు ముందు, పైకి పచ్చగడ్డిలా కనబడే ఊబి నేల ఉంది. మనుషులు దాన్ని చుట్టి రాళ్ళకట్ట మీదుగా వెళతారని ఊళ్ళో అందరికీ తెలుసు. చుక్కలు మాత్రం ఆ ఊబి మధ్యలోంచి, ఒక్కొక్క అడుగూ వేసి చూసుకుంటున్నట్టు నెమ్మదిగా, దగ్గర దగ్గరగా పోయాయి.

కప్పు బల్ల మీద పెట్టేసి పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. రోములో తలెత్తాడు. ఆమె మొహం చూసి మళ్ళీ దించుకున్నాడు.

"యానాకోచా కూడానా?"

అతను కాళ్ళ దగ్గరున్న బూటు వైపు చూశాడు.

"ఏవేవి నడవలేదో చెప్పు. ఇప్పుడే, ఇక్కడే చెప్పు. ఒక్కొక్కటే తీసేస్తాను."

అతను బూటు చేతిలోకి తీసుకున్నాడు. దాని లేసు వేలికి చుట్టాడు, విప్పాడు.

"నడిచినవి చెప్పడం తేలిక," అన్నాడు.

అంటే నడిచినవే తక్కువ. దించుకున్నవాళ్ళు ఎందరు, ఎక్కడెక్కడి వాళ్ళు, ఈ క్షణాన ఏ కొండ మీద ఉన్నారు? తీసేసినా వాళ్ళ ఫోనుల్లో ఆ గీతలుంటాయి. నమ్మొద్దని లోకానికంతా చెప్పాలి. ఎందుకు నమ్మొద్దో చెప్పాలి. చెప్పాలంటే, ఇందాక రేడియోలో అన్న మాట అబద్ధమని ముందు చెప్పాలి.

వీధి వాకిలి వైపునుంచి మాటలు వినిపించాయి. కర్రలు నేలకు తాటిస్తున్న చప్పుడు, బ్యాగు జిప్పు లాగిన చప్పుడు.

"ఎండ వచ్చింది కదా, ఇంకెందుకాలస్యం," అంటోంది హెర్మీలా. "ఈ రొట్టెలు దారిలో తినండి. ఆ పిల్లల సంగతా? దొరికారుగా, భయం లేదు. ఆ ఒక్క గీతే తప్పు పడింది, మా కోడలే రేడియోలో చెప్పింది, ఊరంతా విన్నారు. మిగతావన్నీ మా అబ్బాయి కాళ్ళతో నడిచినవే."

నేలిదా వంటిల్లు దాటి పరుగున వాకిట్లోకి వచ్చింది. డాన్ ఎవరిస్టో టోపీ పెట్టుకుంటున్నాడు. మికేలా రొట్టెల పొట్లం బ్యాగులో సర్దుకుని ఫోను తీసింది. నల్లటి తెర మీద పసుపు గీత, నున్నగా, చెరువు దాకా.

"అదుగో, అనుకుంటూనే ఉన్నాం," అన్నాడు ఎవరిస్టో. "మిమ్మల్నే అడుగుదామనుకున్నాను సెన్యోరా. మా అమ్మాయికి కాస్త బెరుకుగా ఉంది. ఈ దారి మీ ఆయన నడిచినదేనా?"

వెనక గచ్చు మీద రోములో వస్తున్నాడు. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా. అన్నాళ్ళూ వింటున్న ఆ చప్పుడు ఆమె చెవులకు ఇప్పుడే కొత్తగా వినిపించింది. ఆ అడుగులు ఆమె వెనకే వచ్చి ఆగాయి.

హెర్మీలా కోడలి భుజం చుట్టూ చెయ్యి వేసింది. గట్టిగానే వేసింది.

"చెప్పు తల్లీ," అంది నవ్వుతూ. "నువ్వు చెబితే నమ్ముతారు."